ఆదిశేషమ్మ మూడో బిడ్డ

ముత్తుకూరు పక్క పల్లెలో ఆదిశేషమ్మ పొదుపు సంఘం లీడరు. ఆఫీసులకు వెళ్తే కుర్చీ వేసి మాట్లాడిస్తారు. అంతటి మనిషికి చెల్లెలు పెంచలమ్మ పేరు వింటే మాత్రం కడుపు మండిపోతుంది. ఆ మంటను దాచుకుందామనే ఆలోచన కూడా లేదు ఈ మహాతల్లికి.

పెంచలమ్మ మెట్టినిల్లు సరిహద్దు అవతల, తమిళనాడులో. అక్కడ ముగ్గురు పిల్లల తల్లిగా నిలబడి పంచాయతీ ప్రెసిడెంటుగా గెలిచింది. ఆ ముగ్గురిలో చివరిపిల్ల అనూషను కన్నది ఆదిశేషమ్మ.

పదమూడేళ్ల కిందట పల్లెలో సర్పంచి పదవి ఆడవాళ్లకు వచ్చింది. ఊరంతా ఆదిశేషమ్మ పేరే చెప్పింది. కానీ ఆంధ్రాలో ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదన్న చట్టం ఉండేది. ఆమెకు ఇద్దరు మగపిల్లల తర్వాత అనూష, అప్పటికి మూడు నెలల పసిగుడ్డు.

"చెల్లెలికి ఇచ్చేస్తే మనకు ఇద్దరే కదా!" అంది.

"వద్దుమే, ఆడబిడ్డ ఉసురు తగలద్దీ" అని మొగుడు చిన్నపోలయ్య బతిమాలాడు. వింటేగా! ఆడపిల్ల కోసం అల్లాడుతున్న పెంచలమ్మ ఒడిలో పసుపు కుంకుమలతో బిడ్డను పెట్టి, కాగితం రాసి, దర్జాగా నామినేషన్ వేసింది.

పరిశీలన రోజు ఎదుటివాళ్లు ఆస్పత్రి కాగితం తెచ్చి పెట్టారు. "దత్తత ఇచ్చినా కన్నవాళ్ల కిందే లెక్కమ్మా" అని ఆఫీసరు నామినేషన్ కొట్టేశాడు.

బిడ్డను తెచ్చుకుందామని ఆదిశేషమ్మ బస్సెక్కింది. తీరా వెళ్తే పెంచలమ్మ భుజం మీద అనూష ఆదమరిచి నిద్రపోతోంది. ఏ మొహం పెట్టుకుని అడగాలి? కాఫీ తాగి వచ్చేసింది.

తర్వాత ఆరేళ్లకు చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, నేను గెలిచినా!"

"మీ కాడ పిల్లలెంతమందని అడగలేదా?"

"యాడక్కా! ఆ రూలు మీ రాష్ట్రందే."

మూడు గంటల బస్సు దూరం. తననూ అక్కడే ఇచ్చి పెళ్లి చేసి ఉంటేనా అని ఆదిశేషమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. కుర్చీ మీద ఏడుపనుకున్నాడు చిన్నపోలయ్య. ఆమె చెల్లెలు పంపిన ఫోటోనే చూస్తూ కూర్చుంది. అందులో అనూష పెంచలమ్మ మెడలో దండ వేస్తోంది.

ఆ మధ్య ఆంధ్రాలోనూ ఆ చట్టం ఎత్తేశారు. "ఇప్పుడా ఎత్తేది!" అని ఆదిశేషమ్మ టీవీని తిట్టిపోసింది. అయినా ఈసారి నిలబడాలనే నిశ్చయించుకుంది.

సెలవులకు అనూష వచ్చింది. కన్నతల్లి ఎవరో ఆ పిల్లకు ఎప్పటినుంచో తెలుసు. ఊళ్లో పంచడానికి కరపత్రం కావాలంటే ఫోన్లో తనే టైపు చేస్తానంది. పేరు, సంఘంలో చేసిన పనులు అయ్యాయి.

"పిల్లలు ముగ్గురని కొట్టు" అంది ఆదిశేషమ్మ. పదమూడేళ్లుగా ఆ మాట అనాలని ఆమె నాలుక పీకుతోంది.

అనూష వేలు ఆగింది.

"ఇప్పుడు ఎంతమందైనా పరవాలేదంట కదా పెద్దమ్మా?"

"అవును తల్లీ. అందుకే కొట్టమంటన్నా."

"అయితే ఇద్దరనే పెడతా. ముగ్గురంటే అమ్మ బాధపడద్ది."

అనూష ఇద్దరని కొట్టి, తరవాత ఏం రాయాలని అడిగింది.