లెన్సు అంచున పసుపు బొట్టు

ఎండాకాలం మొదలవగానే బోధన్‌లోని మా ఫోటో స్టూడియో ఎదుటికి చెరుకురసం బండి ఒకటి వచ్చి నిలబడుతుంది. దాని చక్రానికి గజ్జెలు కట్టి ఉంటాయి. గడ నలిగినప్పుడల్లా అవి ఘల్లుమంటాయి, ఆ వెంటే అల్లం, నిమ్మకాయ కలిసిన పచ్చి రసం వాసన మెట్లెక్కి లోపలికి వస్తుంది. ఈ ఏడు ఆ చప్పుడు మొదటిసారి విన్నప్పుడు నేను ఎవరివో పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్నాను. చేతిలో కత్తెర ఆగిపోయింది. గంగాధర్ సార్ గ్లాసు పట్టుకుని ఎండ వైపు తిరిగి నిలబడి ఉంటారేమోనని తలెత్తి బండి వైపు చూశాను. సార్ పోయి ఏడాదిన్నర దాటింది. ఆ సంగతి తెలిసి కూడా చూశాను.

చెరుకు ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆయన అక్కడి ల్యాబులో కెమిస్టు. రైతులు తెచ్చిన చెరుకు రసంలో తీపి ఎంతుందో చూసి చెప్పడం ఆయన పని. ఫ్యాక్టరీ మూతపడింది గానీ సార్ ఆ పని మానలేదు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట జానెడు గొట్టం ఒకటి ఉండేది. దాని ఒక చివర ఏటవాలు గాజు, ఇంకో చివర కన్ను పెట్టుకునే రంధ్రం. గాజు మీద ఒక చుక్క రసం వేసి వెలుతురు వైపు పట్టుకుంటే, లోపల నీలమూ తెలుపూ కలిసే గీత తీపి ఎంతో చెబుతుంది. మా ఎదుటి బండి దగ్గర రసం తాగబోయే ముందు సార్ ఆ పరీక్ష చేయకుండా ఉండేవారు కాదు. బండి నడిపే సాయిలుకు అది రోజూ గుండెదడే. "పద్దెనిమిది" అంటే సాయిలు ముఖం విప్పారేది. "పదకొండు" అంటే, ఐసు తొందరగా కరిగిపోతున్నదని ఐసు మీద నెపం వేసేవాడు. తాగడం అయ్యాక సార్ ఆ గాజు మీద నీళ్లు పోసి, మెత్తటి గుడ్డతో అద్ది, అప్పుడు జేబులో పెట్టుకునేవారు. ఎన్నేళ్ల అలవాటో అది. ముందటి రైతు తీపి వెనకటి రైతుకు అంటకూడదని ల్యాబులో ప్రతి చుక్కకూ కడిగేవారట. ఒక్కడే తాగే రసానికి కూడా అంత శుభ్రమెందుకని నవ్వితే, నా నవ్వుకు ఆయనా నవ్వేవారు, కడగడం మాత్రం మానేవారు కాదు.

ఆయన మొదటిసారి మా స్టూడియోకు పింఛను కాగితాలకు ఫోటో కోసం వచ్చారు. బాపు, అంటే మా నాన్న, పోయాక స్టూడియో నా చేతికి వచ్చిన కొత్త. సార్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి కెమెరా వైపు చూడమంటే, ఆయన నా భుజం మీదుగా గోడ వైపు చూస్తున్నారు. అక్కడ నేను తీసిన చంద్రుడి ఫోటో ఉంది. ఎక్కడో దొరికిన చిన్న బొమ్మ టెలిస్కోప్‌కు కెమెరా ఆనించి తీసి, గొప్పగా ఫ్రేము కట్టించి పెట్టుకున్నాను. ఎవరు చూసినా బాగుందనేవారు. సార్ బాగుందనలేదు.

"చంద్రుని అంచుకు ఊదా రంగెందుకొచ్చింది బిడ్డా?" అని అడిగారు.

చంద్రుడు అలాగే ఉంటాడన్నాను. నాకు తెలియని సంగతి ఒప్పుకునే అలవాటు అప్పటికి లేదు. సార్ స్టూలు దిగి, గిరాకీలు తల దువ్వుకునే అద్దాన్ని మేకు నుంచి తీసి, వాకిట్లో ఎండ పడే చోట పట్టుకున్నారు. అద్దం అంచు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ అంచు మీద పడ్డ ఎండ ఎదుటి గోడ మీద ఏడు రంగుల చార అయింది. గాజు వెలుగును వంచుతుందని, ఎరుపును కొంచెం, నీలాన్ని ఎక్కువ వంచుతుందని, మామూలు లెన్సులో ఈ రంగులన్నీ ఒక్కచోట కలవక బొమ్మ అంచుకు ఊదా చార పడుతుందని చెప్పారు. కంటితో చూసేవాళ్లు పట్టించుకోరట, కెమెరా మాత్రం ఊరుకోదట. పన్నెండేళ్ల నుంచి కెమెరా పట్టుకుంటున్న నాకు ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆయనే. ఆ రోజు ఫోటో తీయడమే మరిచిపోయాం. మర్నాడు మళ్లీ రావలసి వచ్చింది.

చంద్రుడితో నా ఆశ తీరలేదు. చుక్కల మధ్య మబ్బుల్లా పరుచుకుని ఉండే నెబ్యులాలను ఫోటో తీయాలని పట్టుబట్టాను. అప్పటికే నా మనసులో ఒక టెలిస్కోప్ ఖాయమైపోయి ఉంది. ఆరంగుళాల లెన్సు, మనిషంత పొడుగు తెల్ల గొట్టం. ఫోనులో దాని బొమ్మను పెళ్లిచూపుల ఫోటోలా తీసి తీసి చూసుకునేదాన్ని. పెళ్లిళ్ల సీజను రెండు చూసుకుంటే గానీ అది నాకందదు. ఒకసారి కొన్నాక మళ్లీ ఇంకొకటి కొనే తాహతు నాకు లేదు. జన్మకొక్కటే అయినప్పుడు చిన్నదెవరు కొంటారనుకున్నాను. సార్ అంతా విని వాదించలేదు. స్టాండుతో కలిపి ఎంత బరువుంటుందని మాత్రం అడిగారు. బియ్యం బస్తా అంత అని చెప్పాను.

ఆ ఆదివారం రుద్రూర్ దగ్గర మాకున్న చెరుకు చేనికి నన్ను రమ్మన్నారు. వెళ్లేసరికి రోడ్డు పక్కన నిండు మోపు ఒకటి కట్టించి పెట్టారు. బియ్యం బస్తా అంత తూగేలా కాంటా వేసి మరీ కట్టించారట.

"ఇగో నీ టెలిస్కోప్. బోరు కాడికి తీస్కపో" అన్నారు.

పంతానికి ఎత్తుకున్నాను. సగం గట్టు దాటేసరికి మెడ పట్టేసింది, ఇంకో పది అడుగులు వేసి మోపు దింపేశాను. సార్ వెనకాలే గడముక్క నములుకుంటూ నింపాదిగా వచ్చారు. నెలకు ఎన్నిసార్లు మోస్తావని అడిగితే నాలుగుసార్లన్నాను.

"అబద్ధం. ఒక్కపారి మోస్తవ్. రెండోపారి నడుం నొస్తున్నదని పండుకుంటవ్. మూడోపారి అటకెక్కిస్తవ్. అటక మీదికెళ్లి చుక్కలు గానరావు బిడ్డా."

ఆ గట్టు మీద, దింపిన మోపు మీదే కూర్చుని, చిన్నప్పటి నుంచి దుర్భిణితో చుక్కలు చూసిన సార్, నేను ఏం కొనాలో చెప్పారు. నాకు కావలసిన నెబ్యులాలు చిన్నవి కావట, కొన్ని చంద్రుడి కంటే పెద్దవేనట. మసకగా ఉంటాయి కనుక మనకు కనబడవు, అంతే. కాబట్టి వాటిని పెద్దవి చేసి చూపే పొడవాటి గొట్టం అక్కర్లేదు, ఎక్కువ ఆకాశాన్ని ఒక్కసారి పట్టే పొట్టి గొట్టం చాలు. లెన్సు పెద్దదై రంగులు చెదరగొట్టే కంటే, చిన్నదైనా రంగులన్నిటినీ దాదాపు ఒక్కచోట కలిపే మేలు రకం గాజుది కావాలి. దాన్ని ఈడీ గాజు అంటారు. అన్నిటికంటే ముందు స్టాండు. చుక్కలు కదిలినట్టే తానూ మెల్లగా తిరుగుతూ, కెమెరాను నిమిషాల తరబడి ఒకే చుక్క మీద నిలిపేది. ఉన్నదాంట్లో సగానికి పైగా దానికే పెట్టి, మిగిలినదాంట్లో గొట్టం కొనమన్నారు. అద్దాలతో చేసిన టెలిస్కోప్ చవక కదా అన్నాను. మన రోడ్ల మీద స్కూటీ కుదుపులకు దాని అద్దాలు కదులుతాయని, కదిలినప్పుడల్లా సరిచేసుకోవాలని చెప్పి, నా ముఖం చూసి, "చేసుకునెటోళ్లు చేసుకుంటరు. నీకు గంత ఓపిక లేదు" అన్నారు. నిజమే గనక కోపం రాలేదు.

చివరికి కొన్నది మూడంగుళాలు కూడా లేని లెన్సు. గొట్టం మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా, అంతే. పెట్టె విప్పినప్పుడు మా అమ్మ, మేం అవ్వ అంటాం, తొంగి చూసి "గింతేనా?" అంది. నాకూ లోపల అదే అనిపించింది గానీ పైకి అనలేదు.

ఇక ఆ రోజు జరిగింది చెప్పాలి. మా ఇంట్లో కొత్త వస్తువు ఏది వచ్చినా అవ్వ దానికి పసుపు కుంకుమ పెట్టకుండా ముట్టుకోనివ్వదు. ట్రాక్టరుకు పెట్టింది, స్కూటీకి పెట్టింది, బోరు మోటారుకు పెట్టింది. అది మా చేలో పండి, మా వాకిట్లో ఉడికిన పసుపు. నేను స్టాండుకు కావలసిన వైరు కోసం ఇంటి కిందున్న స్టూడియోలోకి వెళ్లి వచ్చేసరికి, టెలిస్కోప్ మూత పక్కన ఉంది, గొట్టం బల్ల మీద నిటారుగా నిలబెట్టి ఉంది. పైన లెన్సు మీద, సరిగ్గా నడుమ, తడి పసుపు బొట్టు, దాని మీద కుంకుమ. పసుపు నీళ్లు జారి అంచు రింగు దాకా పోయాయి. ముఖం అదే కదా, బొట్టు ముఖానికే కదా పెడతారు, అవ్వ లెక్కలో అంతకంటే సరైన చోటు లేదు. నేను నోటికొచ్చినట్టు అరిచాను. బుద్ధి ఉందా అన్నాను. నా రెండేళ్ల కష్టం మట్టి చేశావన్నాను. చదువు లేని మనిషి చేతికి ఏ వస్తువూ అందకూడదన్నాను. అవ్వ పసుపు గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సార్‌కు ఫోను చేస్తే చెయ్యి పెట్టవద్దని చెప్పి అరగంటలో వచ్చారు. లెన్సు చూసి, ఎవరు పెట్టారని అడిగారు. అవ్వ అన్నాను. మంచిగ నడిమిట్ల పెట్టిందని మెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన కుర్చీ లాక్కుని, కెమెరాలు శుభ్రం చేసే రబ్బరు బుడ్డితో ముందు పొడి కుంకుమంతా ఊదారు. తర్వాత దూదిని బ్యాటరీల్లో పోసే శుద్ధి చేసిన నీళ్లలో తడిపి, నొక్కకుండా, రుద్దకుండా, లెన్సు మీద దొర్లించారు. ఒక్క దూది ఒక్కసారే, మళ్లీ కొత్తది. ఎన్ని దూదులు అయ్యాయో గుర్తులేదు. ఎదురుగా గాజు తేటపడుతూ వచ్చింది. రింగు పక్కన, దూది అందని సందులో మాత్రం సన్నటి పసుపు మరక ఉండిపోయింది. నేను స్పిరిటు సీసా, గుడ్డ అందుకున్నాను. సార్ నా మణికట్టు పట్టుకున్నారు.

"మీ అవ్వ పెట్టింది బొట్టు. నువ్వు రుద్దితే పడేది గీత. బొట్టుతోని ఫోటోకేం గాదు. గీత పడ్డదంటే ఇగ పోదు." వంటింట్లో అవ్వ ముక్కు చీదిన చప్పుడు విని, అటు చూసి, "లోపల ఒక గీత గీసే వచ్చినవ్. ముందు గా గీత సూడు" అన్నారు.

నేను కదల్లేదు. సిగ్గో పంతమో, రెండూనో. సార్ నన్ను బలవంతపెట్టలేదు. నల్ల కాగితంలోంచి పెసరగింజంత ముక్క కత్తిరించి, నా కెమెరా లెన్సుకు బిగించే పల్చటి గాజు మీద అంటించారు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "చెల్లె, జర గిట్లొచ్చి కూసో. నీ బిడ్డకు ఒక లెక్క తెలుస్తలేదు" అని పిలిచారు. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చి కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. బోధన్‌లో సగం మంది ముఖాలు తీసిన నేను, అవ్వను అలా ఎదురుగా కూర్చోబెట్టి ఒక్క ఫోటో తీయలేదని కెమెరాలో చూసినప్పుడే తెలిసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నొక్కాను. తెర మీద అవ్వ ముఖం అంతా తేటగా వచ్చింది. కాగితం ముక్క జాడ ఎక్కడా లేదు. ముక్క ఆపిన పిసరంత వెలుగు తగ్గిందేమో గానీ, బొమ్మకు లోటు లేదు. సార్ నాకు చూపించాలనుకున్నది అదే.

"తప్పయింది అవ్వా" అన్నాను, కెమెరా వెనక నుంచే.

అవ్వ నా వైపు చూడకుండా, తెర మీదున్న తన ముఖం వైపు చూస్తూ, "గా ముక్క గానచ్చిందా?" అని అడిగింది. లేదన్నాను. "మరి నా బొట్టు గూడ గానరాదు గదా" అంది.

తర్వాత సార్‌ను అడిగింది, ఇట్లాంటిదానికి బొట్టు ఎక్కడ పెట్టాలని. సార్ చాలా ఆలోచించినట్టు నటించి, మోసేది స్టాండు గనక దాని కాళ్లకు పెట్టమన్నారు. అవ్వ మూడు కాళ్లకూ పెట్టి, సార్ జేబులో గొట్టం తీయించి దానికీ ఒకటి పెట్టింది. ఆయన దాన్ని చాలా రోజులు తుడవలేదు.

ఆ చలికాలం ముగ్గురం మా చేనికి వెళ్లాం. మూడు వైపులా నిలబడ్డ చెరుకు బోధన్ వీధి దీపాలను ఆపింది. అన్నం తిని వెళ్లేసరికే మూడు చుక్కల వరస పైకి వచ్చి ఉంది. దాని కిందుగా ఉన్న నెబ్యులా మీద గొట్టం పెట్టి మొదటి ఫోటో తీశాను. తెర మీద నడుమ తెల్లటి వెలుగు, చుట్టూ రెక్కలు చాపినట్టు గులాబీ ఎరుపు. అంచుకు ఊదా చార లేదు, పసుపు మరక లేదు. సార్ కెమెరా చేతిలోకి తీసుకుని, తెరను కంటికి దగ్గరగా పట్టుకున్నారు.

"ఎర్రగ ఉంటదని పుస్తకంల సదివిన. నా కంటికి ఎన్నడు సూసినా బూడిద రంగే" అన్నారు. కెమెరా ఇచ్చేసి, రెండడుగులు వేసి, మళ్లీ వచ్చి ఇంకోసారి చూపించమన్నారు. అవ్వ ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చింది. అంత సంతోషంగా ఆయనను నేను మళ్లీ చూడలేదు.

మరుసటి వానాకాలం సార్ నిజామాబాద్‌లో కూతురింట్లో పోయారు. వెళ్లి చూసి వచ్చాను. ఊళ్లో ఎదురైన రసం బండి సాయిలు సార్ ఎలా ఉన్నారని అడిగితే, విననట్టు స్కూటీ పోనిచ్చాను. సార్ అంటే నాకెంత ఇష్టమో ఆయనకు ఒక్కసారీ చెప్పలేదన్నది ఆ రోజు తెలిసింది. నా కోపిష్టితనం ఇప్పటికీ పోలేదు, కానీ మాట నోటి దాకా వచ్చినప్పుడు మణికట్టు మీద ఆ పట్టు తెలుస్తుంది. నాలుగింట మూడుసార్లు ఆగుతాను.

పోయిన నెల నిజామాబాద్ నుంచి ఒక లెక్చరర్ వచ్చాడు, ఏ టెలిస్కోప్ కొనాలో అడగడానికి. ఫోనులో ఆరంగుళాలది చూపించాడు. ఆ వచ్చే ఆదివారం చేనికి రమ్మన్నాను, మోపు కట్టించి పెడతానని చెప్పలేదు. నా లెన్సు చూస్తూ, అంచున ఏదో పసుపు మరక ఉంది మేడం అంటూ జేబు రుమాలు తీశాడు. లోపలి నుంచి అవ్వ నా కంటే ముందే అంది, "ఉండనియ్యి బిడ్డా, గా బొట్టు ఫోటోల రాదు."