ఎక్కని కొండ

ఆ ఉదయం నేను కొండ ఎక్కలేదు. ఎక్కి చూసొచ్చినట్టు టీకొట్టు పక్కన పలక మీద రాశాను: "పైన మబ్బు లేదు. గాలి తక్కువ. సాయంత్రం దాకా ఎండ."

ఆ రాత మా అన్నయ్య మొదలుపెట్టింది. మా ఊరు కొండకు తూర్పున ఉంది. పడమట లేచే మబ్బు నెత్తి మీదికి వచ్చేదాకా మాకు కనపడదు. అందుకని మిరపకాయలు కల్లాల్లో ఆరే నెలల్లో అన్నయ్య రోజూ తెల్లారేసరికి కొండ ఎక్కేవాడు. పైన గాలి ఎటు తిరిగిందో, పడమట కనిగిరి వైపు ఆకాశం ఎలా ఉందో, బండ చెమ్మగా ఉందో పొడిగా ఉందో చూసి, దిగొచ్చి నాలుగు ముక్కలు రాసేవాడు. ఆ రాతను బట్టే ఊళ్లో కాయ పరవాలో, కుప్ప చేసి పట్టాలు కప్పాలో తేల్చుకునేవాళ్లు. అన్నయ్య పోయాక ఆ పని నేను చేస్తానన్నాను. ఎవరూ అడగలేదు. పెద్దకర్మ రోజున నేనే వదినకు మాటిచ్చాను.

మోకాళ్ల నొప్పి అని చెప్పుకోవచ్చు. నొప్పి లేదు. దుప్పటి వెచ్చగా ఉంది, ఫోన్లో సూర్యుడి బొమ్మ ఉంది. అంతే.

"ఏరా, చెప్పులకి మట్టే అంటలేదు! ఇయ్యాళ హెలికాప్టర్‌లో ఎక్కావా?" అన్నాడు టీకొట్టు నడిపే మిత్రుడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

కాసేపటికి వదిన ఫోన్ చేసింది.

"కొండ మీద ఎట్టా ఉంది అబ్బాయ్? పక్కూరు కోతకి పిలిచారు. కాయ పరిచి పోనా, కప్పి పోనా?"

"పరిచి పో వదినా."

"ఎక్కి చూశావుగా?"

"చూశాను."

కౌలు చేలో ఏడాదంతా ఆమె ఒక్కతే పడిన కష్టం ఆ కల్లంలో ఉంది. అది తప్ప ఆమెకు వేరే పంట లేదు.

మూడు గంటలప్పుడు కొండ వెనక ఉరిమింది. నా కాయ ముందే ఎండి, పట్టా కింద కుప్పగా ఉంది. నేను వదిన కల్లానికి పరిగెత్తేలోపే వాన దిగింది. పక్క కల్లాల వాళ్లు ఇళ్ల దగ్గరే ఉన్నారు కాబట్టి తమవి కప్పుకోగలిగారు. నేను ఒక్కణ్ణే పట్టా ఒక కొస పట్టుకుంటే రెండో కొస గాలికి లేచిపోయింది. కల్లం లోంచి నీళ్లు ఎర్రగా కాలవకట్టాయి.

వదిన తడిసి వచ్చింది. గుప్పెడు కాయ తీసుకుని పిండి చూసింది. రెండు రోజుల్లో అది రంగుపోయి, ధర పలకని తాలుకాయ అవుతుందని ఇద్దరికీ తెలుసు.

"పోన్లే అబ్బాయ్," అంది. "పైనుంచి చూసినా ఒక్కోసారి తెలీదు. మీ అన్నకి కూడా తప్పేది."

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు.

"నేను ఎక్కలేదు వదినా."

ఆమె చేతిలో కాయ కింద పెట్టింది. కొండకేసి చూసింది.

"ఎక్కలేదని ఒక్క మాటంటే కప్పి పోయేదాన్నిగా," అంది.

తిట్టలేదు. తిడితే బాగుండేది.

మర్నాడు చీకటి విచ్చకముందే కొండ ఎక్కాను. దిగొచ్చి పలక మీద రాశాను: "నిన్న నేను కొండ ఎక్కలేదు. రాసింది అబద్ధం. మా వదిన కాయ అందుకే తడిసింది." దాని కింద ఆ రోజు గాలీ మబ్బూ రాశాను. టీకొట్టు మిత్రుడు చదివి, టీ ఇచ్చాడు.

తర్వాత నా కల్లంలో ఎండిన కాయంతా బస్తాలకెత్తి వదిన కల్లంలో దించాను. ఆమె తడికాయ నా కల్లంలో పరుచుకున్నాను. వారం రోజులు కూర్చుని తాలు ఏరాను. చేతులు మండాయి.

ఇప్పుడు రోజూ కొండ మీద నుంచే వదినకు ఫోన్ చేస్తాను. పైన ఎలా ఉందో చెబుతాను. ఆమె మాట్లాడదు. ఫోన్లో కొండగాలి చప్పుడు వినపడేదాకా ఉండి, పెట్టేస్తుంది.