మా ఆయన రాయించిన బెటర్‌మెంట్

మా ఆయన మునికుమార్ తిరుపతిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. రక్తం ఇవ్వడానికి వచ్చే ముసలమ్మలు "డాక్టరయ్యా, మెల్లగా" అంటే ఊరికే తల ఊపుతాడు. నేను డాక్టర్ని కాదని ఏనాడూ చెప్పడు. పెళ్ళైన కొత్తలో ఈ సంగతి పట్టుకుని తెగ ఆటపట్టించేదాన్ని. దాని వెనక ఏముందో తెలిశాక నోరు మూసుకున్నాను.

వాళ్ళది కార్వేటినగరం. ఇంటర్ చదివే రోజుల్లో ఈయన ఎంసెట్ బిట్లన్నీ కంఠతా పట్టాడట. ఇంటర్ పుస్తకాలను మాత్రం పాసైతే చాల్లే అని మూలన పడేశాడు. అప్పట్లో ర్యాంకు కట్టేటప్పుడు ఇంటర్ మార్కులనూ కలిపేవాళ్ళు. దాన్నే వెయిటేజీ అంటారు. ఎంసెట్ బ్రహ్మాండంగా రాశాడు, వెయిటేజీ కాళ్ళు పట్టి కిందికి లాగింది. మెడికల్ సీటు చేతిదాకా వచ్చి జారిపోయింది. లాంగ్ టర్మ్ అని మళ్ళీ చదివాడు, మళ్ళీ రాశాడు. మారని ఇంటర్ మార్కులు అలాగే వెంటబడ్డాయి. అప్పటికి ఆయన చెల్లెలు కోమలి చిన్నపిల్ల. అన్న అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం ఆ పిల్ల కళ్ళారా చూసింది.

మామగారు పోయాక కోమలిని మా దగ్గరే పెట్టుకుని చదివించాం. తనకూ డాక్టరు కావాలనే కోరిక. అన్న కోసం కాదు, తనకోసమే. మెడికల్ సీట్లకు అప్పటికే ఎంసెట్ పోయి నీట్ వచ్చింది. ఆ పిల్ల ముందే తెగేసి చెప్పింది.

"నీట్ ఒక్కతూరే రాస్తాను వదినా. వస్తే వచ్చినట్టు. లేకపోతే లాంగ్ టర్మ్ మాట నా దగ్గర ఎత్తొద్దండి."

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలొచ్చాయి. పరీక్షల ముందు జ్వరం రావడంతో వెయ్యికి ఎనిమిది వందల డెబ్బై ఒకటి. నాకైతే గొప్పగానే అనిపించాయి. మా ఆయన ముఖం మాత్రం మాడిపోయింది. నీట్ మే మొదటి వారంలో ఉంది. అది అయిన వెంటనే మార్కులు పెంచుకోవాలనుకునేవాళ్ళకు బెటర్‌మెంట్ పరీక్షలు.

"పాపా, బెటర్‌మెంట్ కట్టేద్దాం. రోంత పెంచుకుంటే ఏం పోతాది?" అన్నాడు.

"నీట్‌కి వెయిటేజీ లేదన్నా. ఇంటర్‌లో సగం మార్కులుంటే సాలు. నాకు ఫిజిక్స్ బిట్లు శానా మిగిలిపోయుండాయి."

"రూల్సు అట్లే రాస్తారు. ఆడికి పోయినాక ఇంటరూ సూస్తారు. నాకు తెలీదా?"

"సదివే పిల్ల సెప్తా ఉంటే వినరాదా?" అని నేను అడ్డం పడ్డాను.

"సీటు పోగొట్టుకున్నోణ్ణి నేను. నీకేం తెలుసు?" అన్నాడు. మా ఇంట్లో అన్ని వాదాలూ అక్కడే ఆగిపోతాయి.

కోమలి నా వైపు చూసింది. నాయన లేని ఇంట్లో అన్న మాట దాటడం ఆ పిల్లకు చేతకాదు. సరే అంది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఆ సరే తలుచుకుంటేనే.

నీట్ ముందున్న ఆ కాస్త రోజులూ ఇంటర్ పుస్తకాలకే పోయాయి. పెద్ద ప్రశ్నలకు పేజీలకు పేజీలు రాయించాడు. హెడ్డింగుల కింద స్కేలు పెట్టి గీతలు, పెన్సిలుతో పువ్వు బొమ్మ, దానికి పేర్లు. ల్యాబు నుంచి వచ్చీ రాగానే ఎర్ర పెన్ను పట్టుకుని దిద్దడానికి కూర్చునేవాడు. అంత హుషారుగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఫిజిక్స్ బిట్ల పుస్తకం మాత్రం టీవీ పక్కన పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది.

నీట్ రాసి బయటికొచ్చిన పిల్ల ఎలా రాశావంటే "రాసినాను వదినా" అని మాత్రం చెప్పింది. వారం తర్వాత బెటర్‌మెంట్ కూడా రాసేసింది.

జూన్‌లో బెటర్‌మెంట్ మార్కులు తొమ్మిది వందల నలభై ఎనిమిదికి పెరిగాయి. మా ఆయన ల్యాబంతా మైసూరుపాకు పంచిపెట్టాడు. కొద్దిరోజులకే నీట్ ఫలితం వచ్చింది. అటూ ఇటూ కాని ర్యాంకు. కౌన్సెలింగ్ ఒక్కొక్క విడతా అయ్యేకొద్దీ కటాఫ్ కోమలి దగ్గరకు జరుగుతూ వచ్చింది. చివరి విడతలో ఆగిపోయింది. తక్కువైంది మూడు బిట్ల మార్కులు.

మా ఆయన ఆ లెక్కను ఒప్పుకోలేదు. కౌన్సెలింగ్ వాళ్ళ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, మేం కూడా వినాలని స్పీకరు పెట్టాడు.

"సార్, మా పాపకు ఇంటర్‌లో తొమ్మిదొందల నలభై ఎనిమిది సార్. అవి మీరు కలపలేదనుకుంటా. ఒకతూరి సూడండి సార్."

"ఇంటర్ మార్కులు కలపరండీ. అర్హత ఉంటే చాలు. ఆపైన ఎంతొచ్చినా ఒకటే."

"వెయిటేజీ సార్..."

"నీట్‌కు అదెప్పుడూ లేదండీ," అని పెట్టేశారు.

ఆయన ఫోను నోటి దగ్గరే పట్టుకుని, అవతల పెట్టేసినా "సార్, సార్" అంటూ ఉన్నాడు. నేనే వెళ్ళి చేతిలోంచి తీసుకున్నాను.

కాసేపటికి తేరుకుని చెల్లెలి దగ్గర చతికిలబడ్డాడు.

"లాంగ్ టర్మ్‌లో చేరు పాపా. ఈతూరి నేను పక్కకే రాను. నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే పట్టుకోబోయాడు. కోమలి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"వద్దన్నా. ఒక్కతూరే అనింటి కదా. ఆ తూరి నువ్వు రాసేసినావు."

"నేనా?"

"అది నీ బెటర్‌మెంటే కదన్నా. నీ ఇంటర్ మార్కులు పెరగాలని నా చేత రాయించినావు. పెరిగినాయి. ఇంగ నన్ను ఇడిసిపెట్టు."

అరిచి అనలేదు. తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడు. కోమలి లేచి వెళ్ళి టీవీ పక్కనున్న ఫిజిక్స్ బిట్ల పుస్తకాన్ని పాత పేపర్లలో వేసేసింది. తర్వాత వారంలో బీఎస్సీలో చేరింది. కాలేజీ బస్సు మెడికల్ కాలేజీ గేటు ముందు నుంచే పోతుంది. ఆ పిల్ల అటువైపు సీటులో కూర్చోదు.

నిన్న మా ఆయన ల్యాబు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా చెప్పాడు.

"పొద్దున ఒక ముసలామె డాక్టరయ్యా అనింది. నేను డాక్టర్ని కాదమ్మా అన్నాను."

"ఆమె ఏమనింది?"

"ఎవురైతే ఏంలే నాయనా, నొప్పి పుట్టకుండా తియ్యి అనింది. సూది తప్పింది భానూ. రెండుసార్లు పొడిచినాను."

చెప్పి పళ్ళెం ముందే ఏడ్చాడు. నాకు ఆయన మీద కోపం పోలేదు. లోపలి గదిలో కోమలికి అంతా వినబడుతూనే ఉంది. తలుపు తీసుకుని వచ్చింది, గ్లాసులో నీళ్ళు పోసి అన్న పక్కన పెట్టింది, మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.