హిల్మా గారి తాగుబోతు చేపలు

హాపసల్మి ఊళ్ళో హిల్మా రూస్కనెన్ ఇంటికి వెళ్ళేవాళ్ళు జేబులు తడుముకుని మరీ గడప దాటేవారు. అక్కడి మద్యపాన నిషేధ సంఘానికి ముప్పై ఏళ్ళుగా ఆవిడే కార్యదర్శి. క్రిస్మస్‌కు ఎవరో తెచ్చిన చాక్లెట్లను, లోపల రమ్ము ఉందేమోనని ఒక్కొక్కటే చిదిమి చూసి పొయ్యిలో పారేసిన మనిషి. సంఘంలో మిగిలింది ముగ్గురే, అందులో ఇద్దరు కాఫీ కోసం వచ్చేవాళ్ళు. అయినా ఆవిడ పట్టు సడలలేదు. కారణం ఊరందరికీ తెలుసు. ఆవిడ భర్త ఓస్కారి, బతికున్నన్నాళ్ళూ, నవంబరులో సీసా ఎత్తితే మంచు కరిగేదాకా దించేవాడు కాదు.

ఆయన వదిలి వెళ్ళినవాటిలో ఆవిడ మనసు పెట్టుకున్నది ఒక్కటే, ఇంటి వెనక కుంట. పెళ్ళయిన కొత్తలో ఓస్కారి బకెట్లో తెచ్చి వదిలిన రూతన అనే మంచినీటి చేపల సంతానం అందులో ఉంది. ఇత్తడి రంగు పొలుసులతో, బొద్దుగా ఉంటాయి. వేసవి సాయంత్రాలు హిల్మా గట్టున కూర్చుని రొట్టె ముక్కలు వేస్తూ, పోయిన మొగుణ్ణి తీరిగ్గా తిట్టుకునేది. ఎదురు చెప్పకుండా వినేవి ఆ చేపలే.

మార్చి నెలలో కౌన్సిల్ ఇంజనీరు పెక్కరినెన్ వచ్చి, కుంట మీది మంచుగడ్డకు కన్నం పెట్టి ఆక్సిజన్ కొలిచే మీటరు దింపాడు. ఆ నేల కౌన్సిల్‌ది. పూడ్చేసి కార్లు నిలుపుకుందామని వాళ్ళ ఆలోచన.

“ఆక్సిజన్ సున్నా మామ్మగారూ. ఇందులో ఏదీ బతికి ఉండదు. గురువారం బండి వస్తుంది, పూడ్చేస్తాం.”

“ప్రతి చలికాలమూ ఇంతే నాయనా. మే నెల రాగానే అన్నీ పైకొస్తాయి.”

“గాలి లేకుండా ఎలా బతుకుతాయండీ?”

ఆయన చెడ్డవాడేం కాదు. గురువారం లోపల ఒక్క చేపను ప్రాణంతో చూపిస్తే బండిని వెనక్కి పంపుతానని మాటిచ్చి పోయాడు.

ఎలా బతుకుతాయో ఔతికి తెలుసు. ఆ అమ్మాయి హిల్మా చెల్లెలి కూతురు, హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది.

“గాలి ఉంటే ఒంట్లో ప్రతి కణమూ చక్కెరను పూర్తిగా కాల్చుకుంటుంది పెద్దమ్మా. ముప్పై దోసిళ్ళ బలం వస్తుందనుకో. గాలి లేకపోతే పని మొదట్లోనే ఆగిపోతుంది, దక్కేది రెండు దోసిళ్ళే. పైగా మిగిలిన పిప్పి ఆమ్లమై ఒంట్లో పేరుకుంటుంది. మనమైతే నిమిషాల్లో పోతాం. ఇవి గడుసువి. ఎండాకాలమంతా మెక్కి కాలేయంలో చక్కెర దాచుకుంటాయి. చలికాలంలో కదలకుండా పడుంటాయి. ఆ పిప్పినేమో...”

“ఊఁ, పిప్పిని?”

“ముందు నువ్వు కూర్చో.”

“కూర్చునే ఉన్నానే.”

“సారాగా మార్చి మొప్పల్లోంచి వదిలేస్తాయి. కొంత ఒంట్లోనూ ఉంటుంది. కారు నడిపితే పోలీసులు లైసెన్సు లాక్కునేంత.”

హిల్మా కాఫీ కప్పు కింద పెట్టింది. ముప్పై ఏళ్ళ కార్యదర్శి పెరట్లోనే సారా బట్టీ.

“ఈ మాట సంఘంలో అనకు,” అంది చివరికి.

బుధవారం మధ్యాహ్నం ఔతి మంచులో కన్నాన్ని పెద్దది చేసి, పొడుగాటి కర్రకు వల కట్టి కుంట అడుగంతా దేవింది. వచ్చిందంతా బురద, అందులో ఒకే ఒక్క చేప. దాన్ని స్నానాల గదిలోని తొట్టిలో, చల్లటి బావి నీళ్ళలో వేశారు. అది పక్కకు ఒరిగి అలాగే ఉండిపోయింది.

“పోయింది మామ్మగారూ,” అంటూ, కబురందుకుని వచ్చిన పెక్కరినెన్ దాన్ని కదిపి చూడబోయాడు.

“చెయ్యి తియ్యి. కుదపకు. ఆ కిటికీ పరదా లాగు, వెలుతురు పడదు దానికి. గొంతు తగ్గించి మాట్లాడు. తాగి పడున్నవాళ్ళను ఎలా లేపాలో నువ్వు నాకు చెప్పకు, ఇరవై ఆరేళ్ళు చేశానా పని.”

ఇంజనీరు పరదా లాగి బల్ల మీద కూర్చున్నాడు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఆయన గడియారం చూసుకున్నాడు, ఔతి గోళ్ళు కొరుక్కుంది. హిల్మా మాత్రం తొట్టి అంచు మీద చెయ్యి వేసి, అలవాటైన పనిలాగా ఎదురుచూసింది. అప్పుడు మొప్ప రేకు ఒకటి లేచింది. మూసుకుంది. మళ్ళీ లేచింది. చేప నిటారుగా తిరిగి తోకతో కొట్టిన దెబ్బకు ఇంజనీరు చేతిలోని పూడ్చివేత కాగితం తడిసి ముద్దయింది.

“బండి రాదులెండి,” అని ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

“సంఘానికి ఏం చెబుతావు పెద్దమ్మా?”

“వేసవిలో చుక్క ముట్టవని చెబుతా.”

ఇద్దరూ పగలబడి నవ్వారు. హిల్మా నవ్వు మధ్యలోనే ఆగింది.

“నవంబరు రాగానే మీ పెదనాన్న అనేవాడు, హిల్మా, గాలి ఆడటం లేదే అని. నేను పోయి కిటికీ తెరిచేదాన్ని. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.”

ఔతి చేపను బకెట్లోకి ఎత్తింది. బకెట్ తాను మోస్తానంటే పెద్దమ్మ ఇవ్వలేదు. తానే మంచు మీద మెల్లగా నడిచి వెళ్ళి, కన్నం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చేపను రెండు చేతులతో నీళ్ళలోకి జారవిడిచింది.

“ఇంకో రెండు నెలలే,” అంది దానితో. “పడుకో. నేనేమీ అననులే.”