రాయి నేల తాకడానికి నాలుగు సెకన్లు

1974 వేసవిలో ఇంటర్మీడియట్ ఫిజిక్స్ పేపర్లు దిద్దడానికి నన్ను అసిస్టెంట్ ఎగ్జామినర్‌గా వేశారు. క్యాంపు గవర్నర్‌పేటలోని ఒక కాలేజీలో. లెక్చరరుగా చేరి అప్పటికి రెండేళ్లే. రోజూ పటమట నుంచి సిటీ బస్సులో వెళ్లేదాన్ని. మా ఆరుగురి పైన చీఫ్ ఎగ్జామినర్ రామ్మూర్తి గారు, డిగ్రీలో నాకు పాఠం చెప్పిన మాస్టారే. జవాబులూ, ఏ మెట్టుకు ఎన్ని మార్కులో రాసి ఇచ్చే కాగితాన్ని 'కీ' అనేవాళ్లం. మార్కులు దాని ప్రకారమే వెయ్యాలి.

మూడో రోజు మధ్యాహ్నం ఒక తెలుగు మీడియం పేపరు తీశాను. లెక్క తేలికైనదే. నలభై మీటర్ల గోపురం మీంచి రాయిని సెకనుకు పది మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. g విలువ పది అనుకుంటే, అది ఎంతసేపటికి, ఎంత వేగంతో నేలను తాకుతుంది? కీలో రెండు సెకన్లు, ముప్ఫై మీటర్ల వేగం. ఈ పేపర్లో వేగాన్ని శక్తి నిత్యత్వ నియమంతో కట్టి ముప్ఫై తెచ్చారు. కాలం మాత్రం నాలుగు సెకన్లు. ఎర్ర పెన్సిలుతో కొట్టెయ్యబోతూ కింది వాక్యం చదివాను: "పైకి పోవడానికి ఒక సెకను, తిరిగి చేతి ఎత్తుకు రావడానికి ఒక సెకను, అక్కణ్ణించి నేలకు రెండు సెకన్లు."

చెయ్యి ఆగిపోయింది. చిత్తుకాగితం మీద కట్టి చూశాను. నాలుగే. కీ రాసినవారు రాయిని కిందికి విసిరినట్టు కట్టారు. ఎటు విసిరినా నేల తాకే వేగం ముప్ఫయ్యే కాబట్టి తప్పు ఎవరి కంటా పడలేదు. అప్పటిదాకా 'నాలుగు' అన్నవాళ్లందరికీ కాలం మెట్టుకు నేనూ సున్నాలు వేశాను.

ఆ పేపరూ, చిత్తుకాగితమూ పట్టుకుని మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లాను. "కీ తప్పండి."

ఆయన తలెత్తలేదు. "వేగం సరిపోయింది కదమ్మా గ్రేస్. దిద్దిన పేపర్ల కట్టలు ఆఫీసు గదికి చేరిపోయాయి. ఇప్పుడు తప్పంటే క్యాంపంతా ఆగిపోతుంది. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, చూసుకో."

"అయితే ఈ పేపరు మీద నేను సంతకం పెట్టలేనండి."

మాస్టారు నా చేతిలో చిత్తుకాగితం లాక్కుని, దాని వెనకవైపు తనే లెక్క కట్టారు. కొట్టేసి మళ్లీ కట్టారు. తర్వాత లేచి నిలబడ్డారు.

"అందరూ పెన్సిళ్లు కింద పెట్టండి. కీలో తప్పుంది. సరి చూశానని సంతకం పెట్టింది నేను. ఇది నా పొరపాటు."

ఆయన క్యాంపు ఆఫీసర్ గదిలోకి వెళ్లారు. అరగంట సేపు ఆఫీసరు గొంతు మాకు వినిపిస్తూనే ఉంది. బయటికొచ్చాక మాస్టారు నా వైపు చూడలేదు. కట్టలు మాత్రం వెనక్కి వచ్చాయి.

నా కట్టలు నేనే విప్పి, నేను వేసిన సున్నాలు కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టాను. ముప్ఫై ఒకటి దగ్గర ఆగిన ఒక పేపరు ముప్ఫై అయిదుకు చేరి పాసైంది. రాసిందెవరో మాకు తెలియదు, పేపరు మీద నంబరే ఉంటుంది.

కీ తప్పని కనిపెట్టానని మెచ్చుకున్నవాళ్లున్నారు. మొదటి రోజే ఆ లెక్క నేను స్వయంగా కట్టి ఉంటే ఆ తప్పు మూడో రోజు దాకా వచ్చేదే కాదు. రిటైరయ్యేదాకా, ప్రతి లెక్కా నేను చేసుకున్నాకే కీ తెరిచాను.