దసరాకు కట్టిన కేబుళ్ల కట్ట

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఒకటి ఉంటుందని నేను నమ్మేవాణ్ణి కాదు. తెలంగాణ వచ్చిన కొత్తలో, డిప్లొమా పట్టుకుని జడ్చర్ల దగ్గర బిస్కెట్లు ప్యాక్ చేసే ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. ఏడాది గడిస్తే పర్మినెంట్ చేస్తామన్నారు. రామన్నపేటలో మగ్గం నేసే మా బాపు, నా పర్మినెంట్ కాగితం చూసిన రోజే మగ్గం దిగుతానని వాడకట్టంతా చెప్పుకున్నాడు. అప్పటికే ఆయన నడుము వంగింది. అందుకే ఆ కాగితం నా ఒక్కడిది కాదు.

దసరా పూజకని మిషన్లన్నీ తుడుస్తుంటే, కవర్లు కోసే కత్తిని తిప్పే సర్వో మోటారు మీద నా కన్ను పడింది. మోటారుకు కరెంటు మోసే లావు కేబుల్ ఒక దిక్కు, అది ఎంత తిరిగిందో దాన్ని నడిపించే డ్రైవు పెట్టెకు చెప్పే సన్న కేబుల్ ఇంకో దిక్కు వేలాడుతున్నాయి. పోగు చెదిరితే అన్నం సహించని ఇంట్లో పుట్టినవాణ్ణి, ఊరుకుంటానా? రెంటినీ ఒకచోటికి చేర్చి, బెత్తెడుకొక ప్లాస్టిక్ ట్యాగు బిగించి, జడ అల్లినంత నున్నగా కట్టాను. (బొట్టు కూడా ఆ కట్టకే పెట్టాను. ఫోటో తీసి, బాపుకు చూపించమని చెల్లెకు పంపాను.)

పండుగ మరునాడు మిషన్ వేస్తే మోటారు ఉలిక్కిపడ్డట్టు ఎగిరింది. కత్తి రెండు బిస్కెట్ల నడుమ కాక సరిగ్గా బిస్కెట్ మీదే పడింది. పూజలో గుమ్మడికాయ సరిగా కొట్టలేదని, మేమంతా మామా అని పిలిచే ఎలక్ట్రీషియన్ తేల్చేశాడు. నేనేమో మోటారు పోయిందని ధీమాగా చెప్పి స్టోరులోని కొత్తది వేయించాను, ఆ తర్వాత డ్రైవు మార్పించాను. రెండు రోజులు అందరం బిస్కెట్ పొడి ఊడ్చాం. మూడో రోజు ఫ్యాక్టరీ పెద్దసారు, నా కాగితం సంగతి తర్వాత చూద్దామన్నాడు. బాపు నడుము గుర్తొచ్చి నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు ఆ మిషన్ నడిపే అక్క పొడి ఊడుస్తున్న చీపురు పక్కన పెట్టింది.

"సారూ, నువ్వు గా కట్ట కట్టకముందు మంచిగనే నడిచింది గద. జర ఇప్పి చూడరాదు" అంది.

నాకు రోషమొచ్చి ఆమెకు వైరింగు పాఠం మొదలుపెట్టాను. లావు కేబుల్‌లోని కరెంటు రొద పక్కనున్న సన్న కేబుల్‌లోకి దూరి లెక్క తప్పిస్తుందని పరీక్షలో నేనే రాసిన ముక్క, ఆ పాఠం నడుమ నా నోటి నుంచే వచ్చింది. మాట ఆపి కటింగ్ ప్లేయర్ అందుకున్నాను. ట్యాగులన్నీ తెంపి రెంటినీ జానెడు ఎడంగా వేస్తే మోటారు బుద్ధిగా తిరిగింది.

అక్క నవ్వలేదు. "నీ కట్టుడు మంచిగనే ఉండె సారూ, మిషన్‌కే నచ్చలే" అంది.

కాగితం నెల ఆలస్యంగా వచ్చింది, బాపు మగ్గం దిగాడు. ఇప్పుడు నేను కొత్తవాళ్లకు ఆ రెండు కేబుళ్లు కలపొద్దని గట్టిగా చెబుతుంటాను. అయితే చెల్లెకు పంపిన ఆ ఫోటోను బాపు ఎప్పుడో పెద్దది చేయించి, పటం కట్టించి ఇంట్లో గోడకు వేలాడదీశాడు. వచ్చినవాళ్లందరికీ "మావోని పనితనం జూడుండ్రి" అని చూపిస్తాడు. అందులో ఉన్నది నా తప్పని ఇన్నేళ్లలో చెప్పలేకపోయాను. ఆ పటం కిందే కూర్చుని అన్నం తింటూ, ఎంత అందంగా కట్టాడురా పిచ్చోడు అని అప్పటి నన్ను తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాను.