దయ్యం గాదు పెద్దమ్మా

అప్పటికి మాది మద్రాసు రాష్ట్రమే. ఎనిమిదో నెల కడుపుతో దొనకొండ స్టేషన్లో కూర్చున్నాను. తల పగిలిపోతోందని, కళ్లు మసకబారుతున్నాయని పొద్దుటి నుంచి చెబుతూనే ఉన్నాను. మా అత్త మాత్రం ఉబ్బిన నా కాళ్లు చూసి, "నీరు పడితే మగపిల్లోడే" అని మురిసిపోయింది.

తర్వాత నాకు మూర్ఛ వచ్చిందట. తెలివి వచ్చేసరికి నా భర్త నా కాళ్లు అదిమి పట్టుకున్నాడు. అత్త చింతబరికతో నా చేతులు చీరేస్తోంది.

"ఎవరివే నువ్వు? పేరు చెప్పి పో" అని నాలోని దయ్యాన్ని అడుగుతోంది.

బండి కోసం వచ్చిన ఎవరో ఒకామె అత్త మణికట్టు మెలిపెట్టి బరిక లాక్కుంది.

"దయ్యం గాదు పెద్దమ్మా. మా చెల్లెలికీ ఇట్లనే వచ్చింది. మేమూ దయ్యమనే కొట్టినాం. దెబ్బలు తింటానే పోయింది. ఈ బిడ్డను ఆస్పత్రికి తీసుకపోతావా, నిన్నూ దీంతోనే కొట్టాల్నా?"

ఆస్పత్రిలో దాన్ని రక్తపు పోటు అన్నారు. నేను బతికాను. బిడ్డ దక్కలేదు.

తన బరికే నన్ను బతికించిందని అత్త చచ్చేదాకా ఊరంతా చెప్పుకుంది. చెప్పిన ప్రతిచోటా నేను రవిక చేయి పైకి లాగి వాతలు చూపించాను. ఆమె దినాల నాడు కూడా చూపించాను.